ఓబుళమ్మ తిరుగుడు లెక్క

ఫాల్గుణమాసము సగము గడచినది. శిశిరము తన కడపటి చలిని పెన్నానదీసైకతములయందు విడిచి తొలగిపోవుచుండ, వసంతుడింకను గడప త్రొక్కకమునుపే గ్రీష్మునకు దూతలై వచ్చినట్లు వెచ్చని గాడ్పులు ప్రొద్దుటూరుపట్టణవీథులలో దుమ్మురేపుచు సంచరించుచుండెను. వివాహముహూర్తములు దగ్గఱపడుటచే బంగారపుటంగళ్లయెదుటను పట్టుచీరల కొట్లయెదుటను జనసమ్మర్దము తిరునాళ్లను తలపించుచుండెను. ఆ సందడికి రెండు వీథుల యవతల, కుట్టుయంత్రముల చప్పుడును ఉడికెడు గంజివాసనయు నిత్యము నిండియుండు నొక యిఱుకుసందులో, జరీయంచులు మెఱుపుతీగెలవలె దీపించు నీలారుణహరితవర్ణకౌశేయములు వెచ్చని యినుపగొట్టములపైనుండి మెల్లమెల్లగా జాఱుచు, నలుగులువీడి, తలంటిపోసికొన్న పెండ్లికూతుండ్రవలె కళకళలాడుచు నీవలికి వచ్చుచుండెను.

ఆ దుకాణము ఓబుళమ్మది. నలిగిన చీరలకు గంజిపెట్టి యంత్రముపై చుట్టి నిగనిగలాడునట్లు చేసి యిచ్చుట వారి వృత్తి. లోకులు దానిని రోలింగు అందురు. భర్త గతించిన పదునొకండేండ్లనుండి ఆమెయు ఆమె యేకపుత్రికయైన చంద్రకళయు ఆ యంత్రమునే నమ్ముకొని బ్రదుకుచుండిరి. ఓబుళమ్మ చదువు ఏడవ తరగతితో నిలిచిపోయెను గాని ఆమె భయములు మాత్రము ఏటేట పైతరగతులకు పోవుచునేయుండెను. కూతురు పది నిమిషములు జాగుచేసినచో ఆటో బోల్తాపడినదనియు, యంత్రము కొంచెము మూలిగినచో ఇల్లెల్ల దగ్ధమగుననియు, గుమ్మముముందు ఖాకీచొక్కా కనబడినచో, అది కరెంటుబిల్లు తెచ్చినవానిదైనను, తమకేదో మూడినదనియు తలపోయుట ఆమెకు ఊపిరితోడిపని. ఏమి చేయవలయును, తల్లిమనస్సు గదా.

ఆ భయమునుండియే ఆ దుకాణమున నొక యాచారము పుట్టెను. పూర్వమొక సంపన్నురాలు చీరయంచు నల్లబడినదని వచ్చి, అయిదువేల చీరకు నలుబదివేలడిగి సందంతయు నదరునట్లు రచ్చచేసెను. నాటినుండి ఓబుళమ్మ ప్రతి చీటిమీదను రెండంకెలు వ్రాయించుచుండెను. చీరగలవారు తమ నోట తామే చెప్పిన చీరవెల పైన, దుకాణమునకు రావలసిన కూలి క్రింద. మొదటిదానికి పైమాట యనియు రెండవదానికి కిందిమాట యనియు వారు పెట్టుకొన్న పేర్లు. ఇక చీర యంత్రముపై చుట్టుకొనివచ్చుటను ఆ యింట ‘తిరుగుట’ యందురు. ఈ పొద్దు ఎన్ని తిరిగినాయి అని అడిగినచో ఎన్ని చీరలు సిద్ధమైనవని యర్థము. ఈ యొక్క మాటవలననే ఆ తల్లికి మూడుదినములు కంటికి నిద్ర కఱవైనది.

అది యెట్లనగా, పట్టణమందు పేరుపడిన పట్టుచీరల వర్తకుడు గుర్రప్పశెట్టి యొకనాడు చంద్రకళను పిలిపించి, తన కొట్టులో గిరాకులకు చూపిచూపి నలిగిన చీరలు ఏటికి నాలుగువేలదాక వారికే యిచ్చెదననెను.

“అయితే పాపా, పన్ను నంబరుండే బిల్లు కావల్ల నాకు. మీకు కట్టిన పన్ను మా లెక్కలో కలిసొస్తాది. ఉత్త చీటీ ఇస్తే కుదరదు. ఉగాదిలోపల మాట చెప్పు” అని శెట్టి గడువు పెట్టెను.

చంద్రకళ ఆ వార్తను ఇంటికి పరుగుననే తెచ్చెను. ఆ పని దొరకినచో రెండవ యంత్రము కొనవచ్చును, తల్లి మోకాళ్లకు విశ్రాంతి కలుగును, వానకాలమున గిరాకి లేక చేతులు ముడుచుకొని కూర్చుండు దినములు తప్పును. కూతురు చెప్పిన యిన్ని మాటలలో ఓబుళమ్మ చెవికెక్కినది ‘నంబరు’ అను నొక్కటియే. కూతురటు పోగానే ఆమె ప్రక్కగదిలో రవికలు కుట్టు అంకాలమ్మకడకు పోయెను. అంకాలమ్మకు తెలియని విషయము లోకమున లేదని ఆ సందులో ప్రతీతి. ఆ ప్రతీతికి కారణము అంకాలమ్మయే.

“నంబరంటే ఏమనుకున్యావు వదినా” అని అంకాలమ్మ దారమును పండ్లతో తెంపుచు పలికెను. “ఏడాదిలో నీ దగ్గర తిరిగిన దాని విలువ ఇరవై లక్షలు దాటితే సర్కారుకు చెప్పి నంబరు తీసుకోవల్ల. దాన్నే టర్నోవరు, తిరుగుడు అంటారు. దాటినాక కూడా తీసుకోకుంటే అంతే.”

“అంతే అంటే?”

“అంతే అంటే అంతే. నాకేం తెలుసు. నాకు రెండు లక్షలు తిరిగితే నేను కొండకు నడిచి పోతా.”

ఓబుళమ్మ వెనుదిరిగెను. ఆ మధ్యాహ్నము చంద్రకళ చీరలు చేరవేయ పోయియుండగా ఆమె తలుపు దగ్గఱగా వేసి, చీటీల నకళ్లను ముందు పోసికొని కూర్చుండెను. తిరిగినదాని విలువ గదా కావలసినది. తిరిగినవి చీరలు, వాని విలువ పైమాట. కావున ఆమె పైయంకెలనే, పెదవులు కదలించుచు, వ్రేళ్లకణుపులు లెక్కించుచు కూడుకొనుచు పోయెను. ఒకటవ తేదినుండి పదునాలుగవ తేదికి వచ్చునప్పటికి ఆ కూడిక యిరువదిలక్షలను దాటెను. సంవత్సరమున కాదు, మాసమునందైనను కాదు, పదునాలుగు దినములలో. పదునొకండేండ్లు. ఎన్ని యిరువదిలక్షలు. ఎవరికిని చెప్పక తిరిగిన యన్ని చీరలు. ఆమె కన్నులయెదుట కటకటాలును, ఆ వెనుక తన కూతురును, యంత్రమునకు వేసిన పెద్దతాళమును నొకదానివెంట నొకటి ప్రత్యక్షమయ్యెను.

మఱునాడుదయమున ఓబుళమ్మ కూతురికి చెప్పక శెట్టికొట్టునకు పోయి, తమ యంత్రము చెడిపోయినదనియు ఆ పని తమవలన కాదనియు చెప్పివచ్చెను. అది మొదలు, ఇక ఒక్క చీరయు అధికముగా తిరుగకుండుటయే క్షేమమని తలంచి, కూతురు లేని వేళ వచ్చినవారిని వచ్చినట్లు త్రిప్పిపంపుచుండెను. తప్పనిసరియైన పాతగిరాకుల నేమియు ననలేక, “పైమాట వెయ్యి అని రాయిస్తా తల్లీ, ఏమనుకోవాకు” అని బ్రతిమాలుకొనెను.

“తొమ్మిదివేల చీర ఇది. వెయ్యి అని రాసిన చీటీ మా అత్త కంట్లో పడితే నా బతుకేం గావల్ల” అని ఒక కోడలు చీరను చంకనిడుకొని విసవిస నడచిపోయెను.

మూడవనాటి సాయంకాలమున చంద్రకళకు మార్కెట్టుదారిలో శెట్టిగుమాస్తా కనబడి, మిషను బాగయిందా పాపా యని పరామర్శించెను. ఆమె సంగతి యంతయు విని, ఇంటికి వచ్చి గంజిగిన్నె కడుగుచున్న తల్లియెదుట నిలిచెను.

“మన మిషను చెడిపోయిందని శెట్టికి ఎవరు చెప్పినారు మా?”

“నేనే.”

“యాల?”

“నిన్ను జైల్లో చూసే ఓపిక ల్యాక.”

పిమ్మట ఆ తల్లి తన లెక్కనంతయు చెప్పెను. చంద్రకళకు మొదట కోపమును, తరువాత నవ్వును, ఆ పైని నిజమేమోయను సందేహమును కలిగెను. ఏలయన ఆమెకును ఆ చట్టపు సంగతి పూర్తిగా తెలియదు. మఱునాడు ఏడాదిచీటీలన్నియు రెండు సంచులలో కట్టుకొని, బస్టాండుకడ నొక చిన్నగదిలో చిల్లరదుకాణదారులకు పన్నుకాగితములు వ్రాసిపెట్టు ఖాజాపీరాకడకు పోవ నిశ్చయించిరి. బయలుదేరునప్పుడు ఓబుళమ్మ చేత మూడవ సంచియు నుండెను. అందులో చంద్రకళ దుప్పటి, తువ్వాలు, రెండుపూటలకు చాలిన సద్దిరొట్టెలు.

“ఇవెందుకు మా?”

“ఒకవేళ నిన్ను ఆడనే పెట్టుకుంటే.”

ఖాజాపీరా ఆ సంచిని చూచి, “ఏం చిన్నమ్మా, ఊరికి పోతాండారా?” అని కుర్చీలు జరిపెను. నాలుగు చీటీలు చూచి, ఓబుళమ్మ లెక్క విని, కండ్లద్దములు తీసి తుడుచుకొని మరల పెట్టుకొనెను. “ఈ లెక్కన మీకు ఏడాదికి నాలుగు కోట్ల పైమాటే. నా బిడ్డ పెండ్లికి మీరే అప్పియ్యల్ల” యనెను. ఓబుళమ్మ నవ్వలేదు. అందుచేత అతడును నవ్వు మాని, ఒక చీటీ నామె చేతికిచ్చి యడిగెను.

“ఈ చీర ఎవరిది చిన్నమ్మా?”

“మూడోవీధి టీచరమ్మది.”

“మీ మిషను మీద తిరిగినాక యాడికి పోయింది?”

“టీచరమ్మ ఇంటికే.”

“మరి మీ ఇంట్లో మిగిలింది?”

“కిందిమాట. నూట ఎనభై.”

“ఆ నూట ఎనభైనే మీ తిరుగుడు. చీర మీది గాదు, దాని విలువా మీది గాదు.”

మధ్యాహ్నమువఱకు చంద్రకళయు ఖాజాపీరాయు క్రిందియంకెలను కూడిరి. ఏడాది మొత్తము పదునాలుగు లక్షల చిల్లర తేలెను. ఇరువదిలక్షల గీతకింకను దాదాపు ఆఱులక్షల యెడము కలదు. నేరము లేదు, నంబరు నక్కఱయు లేదు. ఓబుళమ్మ సంచిలోని రొట్టెలు తీసి ముగ్గురికిని పెట్టెను.

కాని చిక్కు తీరలేదు. శెట్టి నాలుగువేల చీరలు కలిసినచో ఏటికి మఱి యేడులక్షలు చేరి గీత దాటును. నంబరు తీసికొన్నచో ప్రతిగిరాకి కూలిమీదను పన్ను వేయవలయును, గడువుతప్పక లెక్క చూపవలయును, తప్పినచో జరిమానా కలదని ఖాజాపీరా ఏమియు దాపక చెప్పెను.

“అయితే దాటకుండా ఉందాం” అని ఓబుళమ్మ వెంటనే పలికెను. ఇది యామె యొక్కతె పలుకు కాదు. చేతిపనిచే బ్రదుకు చిన్నదుకాణముల వారనేకులు ఆ గీతకు జానెడుదూరమున నిలిచి, సంవత్సరాంతమున పని తగ్గించుకొని, వచ్చిన గిరాకిని మెల్లగా సాగనంపుచు, గీతయే గోడయని తలంచి దానికి వీపు ఆనించి కూర్చుందురు.

“దాటకుండా ఉండల్లంటే ఎవరికి వద్దని చెప్తావు మా? ఈ మూన్నాళ్లు చెప్పినావు గదా, ఎట్లుండింది నీకు?” అని చంద్రకళ మెల్లగా అడిగెను.

గడపయెక్కినవారిని వట్టిచేతులతో పంపిన ఆ మూడుదినములును ఓబుళమ్మకు కటకటాలకంటె తక్కువ బాధ నీయలేదు. పిమ్మట ఆమె “పన్ను డబ్బులు మా చేతికే వస్తాయి గదా నాయనా. ఇంట్లో ఖర్చులకు వాడుకున్యామనుకో, అప్పుడు?” అని ఖాజాపీరా నడిగెను.

“అది మీ దుడ్డు గాదు చిన్నమ్మా. టీచరమ్మ చీర మాదిరి. కొన్నాళ్లు మీ దగ్గర ఉంటాది, అంతే. చెప్పిన తేదీకి చెప్పిన చోట ఇచ్చేయల్ల.”

“ఇంకొకరి చీర పెట్టేది నాకు తెలుసు” అనెను ఓబుళమ్మ. ఆ మాటతో ఆమె సంచులు చేతికెత్తుకొని లేచెను.

అక్కడినుండి నేరుగా తల్లీకూతుండ్రు శెట్టికొట్టునకు పోయిరి. శెట్టి మొగము ప్రసన్నముగా లేదు.

“మిషను చెడిపోయిందంటే నేను కూర్చుంటానా అమ్మా? సగం పని ఇంకొకరికి ఒప్పుకున్యా. రెండువేల చీరలే మిగిలినాయి. అవైనా నంబరుండే బిల్లుకే.”

“మిషను చెడిపోలేదయ్యా. భయపడి అబద్ధం చెప్పినా” అని ఓబుళమ్మ ఒప్పుకొనెను. శెట్టి ఆమెను తేఱిపాఱజూచి, “ఉగాది దాకా టైముండాది. పోయి ఆలోచించుకోండి” యని మాత్రమనెను.

వీథిలోనికి వచ్చి చంద్రకళ లెక్కించెను. రెండువేల చీరలే యైనచో అంతయు కలిసి పదునెనిమిది లక్షలకు మించదు. గీత దాటదు, చట్టము బలవంతపెట్టదు. నంబరు తీసికొనుటయో శెట్టిపనిని వదలుకొనుటయో, ఇక వారి యిచ్ఛ.

“నువ్వు వద్దంటే నేను మళ్లా అడగను మా. నీ మీద ఒట్టు.”

ఓబుళమ్మ మండుటెండలో నిలువబడి యోచించెను. తన భయము సగముపనిని అప్పుడే మ్రింగివేసినది. తక్కిన సగమును దానికే వదలినచో, ఱేపు అది దుకాణమును, ఎల్లుండి కూతురి చేతిపనిని అడుగదా?

“ఎప్పుడో ఒకనాడు దాటేదే గదా. తీసుకుందాం పద” యని ఆమె కూతురి చేయి పట్టుకొనెను.

“భయం పోయిందా?”

“యాడ పోయింది. భయపడతానే పోదాం.”

పండ్రెండు దినములకు నంబరు వచ్చెను. దుకాణపు పేరుపలకమీద దానిని వ్రాయింపవలయునని ఖాజాపీరా చెప్పియుండుటచే, ఓబుళమ్మ రంగులు వేయు మస్తానును పిలిపించి, ముప్పదియేడుతో మొదలగు ఆ పదునైదక్షరముల సంఖ్యను కాగితముమీద పెద్దగా వ్రాయించి వానికిచ్చెను. వాడు నిచ్చెనయెక్కి వ్రాయుచుండ ఆమె క్రింద నిలిచి ఒక్కొక్క యంకెను బిగ్గఱగా చదువుచుండెను.

“అవ్వా, నువ్వు ఏం చదువుకున్యావు?” అని మస్తాను విసిగి యడిగెను.

“ఏడు. ఆ మూడు ఎనిమిది మాదిరి ఉండాది. దిద్దు.”

వాడు గొణుగుకొనుచు దిద్దెను. అంకాలమ్మ గడపయందు నిలిచి, “ఏం వదినా, సర్కారు కొలువు దొరికినట్టుండాదే” యని యెకసెక్కెమాడెను. చంద్రకళ లోపల శెట్టివారి మొదటి కట్టను విప్పుచుండెను. రంగు తడియాఱువఱకు ఓబుళమ్మ పలకక్రింద చిన్నపీట వేసికొని కూర్చుండి, దారినిపోవు పిల్లలను, మోకుతో బట్టలమూట మోసికొనిపోవు వారిని, ఆవును, అంకాలమ్మను గూడ దూరముగా నడువుడని చేయి యూపుచుండెను. భయము ఆమెను విడిచిపోలేదు. విడిచిపోవు జాతిదియు కాదు. మొన్నటిదాక లోనుండి గడియవేసికొన్న ఆ భయమే నేడు తలుపు బార్లతెఱచి, వాకిట పీట వేసికొని, కావలి కూర్చున్నది. బ్రదుకుపెంచుకొనువారికి ఆ మాత్రపు మార్పు చాలును. పెదవులు కదలించుచు ఆమె ఆ పదునైదక్షరములను, బిడ్డపేరును నేర్చుకొను తల్లివలె, తప్పులేకుండ మరల మరల చదువుకొనుచుండెను.