పప్పుచారు ఒలికించిన లారీ

నేను ఒక లారీని, అందులోనూ బరువులు లాగే జాతి. వెనక పొడవాటి ట్రైలర్ బల్ల, ముందు నేను. పుట్టినప్పుడు నాకు ముఖం లేదు. ఇంజనూ చక్రాలూ మాత్రమే ఉన్న అస్థిపంజరంగా కర్మాగారం గేటు దాటాను. తలకు తువాలు చుట్టుకున్న ఒకాయన ఎండకూ గాలికీ ఎదురుగా కూర్చుని నన్ను విజయవాడ ఆటోనగర్‌దాకా నడుపుకొచ్చాడు. దారిలో వాన పడింది. ఆయనా తడిశాడు, నేనూ తడిశాను. ఒకరినొకరు ఏమీ అనుకోలేదు.

ఆటోనగర్ వడ్రంగులు డ్రైవరు కూర్చోవడానికి నాకు చెక్కతో గది కట్టి, పైన రేకు తొడిగారు. పెయింటరు నుదుటి మీద రెండు చిలకల్ని వేశాడు. ఒకదానికి ముక్కు కాస్త పెద్దదైంది, కానీ చెరపడానికి ఎవరికీ మనసొప్పలేదు.

మొదటి యజమాని వీరాంజనేయులు స్వయంగా నన్ను నడిపేవాడు. ట్రైలర్ వెనక 'హారన్ కొట్టండి' అని పెద్ద అక్షరాలతో రాయించాడు. తీరా ఎవరైనా కొడితే, ఏమిటా తొందర అని తిట్టేవాడు. మనుషులు అడిగినది ఇచ్చినా ఊరుకోరని నాకు అప్పుడే తెలిసింది. కానీ మంచి మనిషి. వంటంటే సరదా. ఎడమ కిటికీ కింద స్టవ్ కోసం చెక్క అర చేయించాడు. బండి ఆపిన చోటల్లా ఆ కిటికీలోంచి పక్క లారీల డ్రైవర్లకు కూడా టీ అందేది. వయసు మీదపడి నన్ను అమ్మేసిన రోజున, కొంత దూరం వెళ్లి మళ్లీ వెనక్కి వచ్చాడు. నాకోసమే అనుకున్నాను. టీ వడగట్టే జల్లెడ మరిచిపోయాడట.

తర్వాత ఒక ట్రాన్స్‌పోర్ట్ కంపెనీలో చాలాకాలం పనిచేశాను. అక్కడ డ్రైవర్లు మారుతూ ఉండేవారు. ఎవరూ టీ కాచలేదు. చివరికి గాజువాకలో పాత లారీలు అమ్మే లోకనాథం దగ్గరకు చేరాను. అతని స్థలం గోడకు అవతల లారీలను కోసి ఇనుముగా అమ్మేస్తారు. ఇవతల అమ్ముడుపోనిది అవతలికి వెళుతుంది. నా పక్కన ఒక తెల్ల బండి ఉండేది. అదీ ఒకరు వాడినదే, కానీ వయసులో నాకంటే చాలా చిన్నది. లోపల కంప్యూటరు, ఏసీ. మర్యాదైన బండి, ఇంజను వేసినా గొంతు పెంచదు.

ఒక ఉదయం టెక్కలి నుంచి సన్యాసిరావు, పైడమ్మ వచ్చారు. అతను అక్కడి క్వారీ నుంచి ఓడరేవుకు గ్రానైటు బండలు తోలే డ్రైవరు. ఇంతకాలం పరాయి బండ్లే. ఇప్పుడు సొంతంగా ఒక్క బండి కొనాలి. ఆమె క్వారీ మలుపు దగ్గర టార్పాలిన్ కింద ఇడ్లీలు అమ్ముతుంది. గాలి వస్తే టార్పాలిన్ ఒక వైపు, ఇడ్లీలు ఒక వైపు.

"ఈ తెల్లది సూడండి బావూ," అన్నాడు లోకనాథం. "సీటు కూడా గాలితో లెగుస్తాది."

"సీటు లెగిస్తే నాకేటి? బండి ఆగిపోతే ఎవుడు లేపుతాడు?"

"కంపెనీ మనిషి లాప్‌టాప్ అట్టుకొని వొస్తాడు."

"కొండకాడికా? ఎప్పుడు?"

"ఫోన్ సేస్తే వొస్తాడు."

"అదే, ఎప్పుడని."

లోకనాథం తెల్ల బండి అద్దం తుడిచాడు. సన్యాసిరావు వచ్చి నా రేకు మీద చెయ్యి వేశాడు. "దీన్నయితే ఓ పానా, ఓ తీగముక్క ఉంటే నానే లేపీగల్ను."

గోడ అవతల ఇనుము కోస్తున్న చప్పుడు వినిపిస్తోంది. ఆ చెయ్యి తీయకుండా ఉంటే బాగుండుననుకున్నాను.

"బండి ఆగిపోతే నువ్వు బాగుసేస్తావు మావా," అంది పైడమ్మ. "నీ నడుం ఆగిపోతే ఎవురు బాగుసేస్తారు? డాట్రు ఏటన్నాడు?"

ఇంకా ఇలాగే కుదుపులు తింటే ఆ నడుంతో ఎక్కువ కాలం స్టీరింగు పట్టలేవని డాక్టరు అన్నాడట. దారిలో తినడానికి తెచ్చిన పప్పుచారు కేరేజీని పైడమ్మ నా సీటు మీద పెట్టి, మూత వదులు చేసింది.

"ఆ గుంతల రోడ్డు మీద ఓపాలి తిప్పుకురా. కేరేజీని అట్టుకోకు."

నేను చేతనైనంత నెమ్మదిగా నడిచాను. నిజంగా. తిరిగొచ్చేసరికి సగం పప్పుచారు సీటు తాగేసింది. సన్యాసిరావు నడుం పట్టుకుని దిగాడు.

"గుంతల తప్పులే, బండిది కాదు."

"అవే గుంతల్లో దాన్ని కూడా తిప్పు."

మిగిలిన చారుతో తెల్ల బండి వెళ్లొచ్చింది. మూత అంచున తడి తప్ప ఏమీ లేదు. అతను మాట్లాడుతూ మాట్లాడుతూ కిందికి దిగాడు. చెయ్యి నడుం మీదికి పోలేదు. ఆ సంగతి అతనికి తెలియలేదు, ఆమె చూసింది. నేనూ చూశాను. చూశాక నన్నే కొనమని కోరుకోవడం నావల్ల కాలేదు.

"మరి కొండకాడ ఆగిపోతే?" అన్నాడతను, కొంచెం మొండిగా.

"ఆగితే ఆగనీ. మలుపులోనే కదా నానుంటాను, అన్నం అట్టుకొస్తాను."

తర్వాత ఆమె నాలోకి ఎక్కింది, ఒలికిన చారు తుడవడానికి. తుడుస్తూ చెక్క అర చూసింది. ఎడమ కిటికీ తెరిచి, బయటికి చెయ్యి చాచింది. ఎవరికో గ్లాసు అందిస్తున్నట్టుగా కాసేపు అలాగే ఉంచింది.

"లోకనాథం బావూ, దీన్ని కోసేత్తారా?"

"కోసేత్తాం వొదినా."

"చక్రాలు, ఇంజను నువ్వుంచుకో. ఈ గది మాకిచ్చీయ్. అలాగైతేనే ఆ తెల్లది కొంటాం."

"ఈ డబ్బా ఏటి సేసుకుంటావు?"

"కూకుంటాను."

అలా నేను గోడ అవతలికి సగమే వెళ్లాను. మిగిలిన సగాన్ని ఖాళీగా తిరిగి వెళ్లే లారీ ఒకటి టెక్కలి తెచ్చి, క్వారీ మలుపులో టార్పాలిన్ ఉన్నచోట ఇటుకల మీద దింపింది. ఇప్పుడు పైడమ్మ ఇడ్లీ కొట్టు నేనే. చక్రాలు గుర్తొస్తాయి, ముఖ్యంగా తారు రోడ్డు మీద వాన వాసన వేసినప్పుడు. కానీ జీవితమంతా లారీల వెంట పరిగెత్తినవాడిని, ఇప్పుడవే నాకోసం ఆగుతున్నాయి. పెద్ద ముక్కు చిలక కింద 'హారన్ కొట్టండి' అని పైడమ్మ కొత్తగా రాయించింది. కొడితే తిట్టదు, టీ పోస్తుంది.

పొద్దున్నే తెల్ల బండి కొండ దిగుతూ హారన్ కొడుతుంది. సన్యాసిరావు తిన్నగా నిలబడి కిటికీ దగ్గర కేరేజీ అందుకుంటాడు. అందులోని పప్పుచారు నాలోనే కాగుతుంది. ఇప్పుడు ఒక్క చుక్క కూడా ఒలికించను.