పన్నెండో పీట

పవిత్ర గురువారం దగ్గర పడుతోందంటే ఆ ఊళ్ళో మగవాళ్ళకి కడుపునొప్పులు మొదలయ్యేవి. ఏసుప్రభువు తన శిష్యుల కాళ్ళు కడిగిన రోజది. గుడిలో పన్నెండు పీటలు వేసి, పన్నెండు మంది మగవాళ్ళని కూర్చోబెట్టి, స్వాములవారు, అంటే గుడి ఫాదరు, ఒక్కొక్కరి కాలూ కడిగేవారు. పదకొండు పీటలకి మహా పోటీ. పన్నెండోది యూదాది, ప్రభువుని శత్రువులకి పట్టిచ్చినవాడిది. దానిమీద కూర్చున్నవాణ్ణి ఏడాది పొడుగునా యూదా అనే పిలిచేవారు. వాడింట్లో గేదె వట్టిపోయినా ఆ పీట మూలానే అనేవారు. అందుకని దానికి మాత్రం తాటాకు చీటీలు తీసేవారు. ఆ పన్నెండోవాడి కాళ్ళు కూడా ప్రభువు ఎందుకు కడిగినట్టో ఒక్కడూ ఆలోచించిన పాపాన పోలేదు. అంత భక్తిగల ఊరు.

నలభైమూడులో చీటీ ఇన్నాసి పేరున వచ్చింది. ఇన్నాసి బందరు కాలవ లాకు దగ్గర లస్కరు. పడవలు వచ్చినప్పుడు లాకు తలుపులు తెరిచి మూసే సర్కారు నౌకరీ. యుద్ధం రోజులు కావడంతో పదిహేను ఊళ్ళకి ఒక్క స్వాములవారే మిగిలారు. పండగకి బెజవాడ వదిలి రాలేనని, కాళ్ళు కడిగే పని ఉపదేశి శౌరయ్యనే చూసుకోమని ఆయన కబురు పంపారు. శౌరయ్య ఊళ్ళో వాళ్ళకి జపాలు నేర్పే మనిషి. మోకాళ్ళ నొప్పులు. వంగి కడుగుతూ చెంబు కూడా ఎత్తలేనని, నీళ్ళు పొయ్యడానికి భార్య అమలమ్మని రమ్మన్నాడు. ఆడమనిషి పీటల దగ్గరికి రావడమేమిటని ఒకరిద్దరు సణిగారు గాని, కొడుకు పోయిన తల్లిని పట్టుకుని గట్టిగా అనడానికి ఎవరికీ నోరు రాలేదు.

కొడుకు రాయప్ప ఒక్కగానొక్కడు. బెజవాడ రైలుస్టేషన్లో మూటలు మోసేవాడు. అంతకుముందు తెల్లవాళ్ళని పొమ్మన్న ఆగస్టు గొడవల్లో టెలిగ్రాఫు తీగలు కోసిన వాళ్ళతో వెళ్ళాడు. పోలీసులు వెతుకుతుంటే వచ్చి కృష్ణలో లంక మీద అరటితోటలో దాక్కున్నాడు. ఆ సంగతి ఊళ్ళో నలుగురైదుగురికి మించి తెలియదు. నాలుగోనాడు పోలీసులు పడవ కట్టించుకుని, ఎవర్నీ దారి అడక్కుండా, తిన్నగా ఆ తోటకే వెళ్ళారు. రెండేళ్ళు శిక్ష వేశారు. జనవరిలో జైల్లో జ్వరం తగిలి పోయాడు. కబురు అందేసరికి పూడ్చిపెట్టడం కూడా అయిపోయింది. అప్పట్నుంచీ అమలమ్మ ఎదురైన ప్రతి మొహాన్నీ చూసి, చెప్పింది వీడేనా అనుకునేది. నిద్రలో కూడా మొహాలు లెక్కపెట్టుకునేది.

గురువారం మధ్యాహ్నం ఆవిడ బావి దగ్గర చింతపండుతో ఇత్తడి చెంబు తోముతుంటే, ఇన్నాసి భార్య తెరేసమ్మ వచ్చి ఎదురుగా చతికిలబడింది.

“వదినా, మా ఆయన్ని ఆ పీట మీంచి తప్పించమని అన్నయ్యతో చెప్పవా.”

“చీటీ పడ్డాక తప్పించేదేముంది. నాలుగు రోజులు నవ్వుతారు, ఊరుకుంటారు.”

“నవ్వుతారని కాదు వదినా.” తెరేసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “నిన్నట్నుంచీ మెతుకు ముట్టలేదాయన. శౌరయ్య బావ చేత కాళ్ళెట్టా కడిగించుకునేదని గోడకేసి తల కొట్టుకుంటన్నాడు. రాయప్ప లంకలో ఉన్నాడని చెప్పింది ఆయనే. రాయప్పతో తిరిగేవాడని మావాణ్ణి ఠాణాకి పట్టుకపోయారు గదా. రాయప్పెక్కడున్నాడో చెబితే నీ కొడుకుని వదుల్తామన్నారు. చెప్పాడు.”

అమలమ్మ చెంబు తోముతూనే ఉంది. తోమిన చోటే తోముతోంది. తెరేసమ్మ కొడుకు విరిగిన మణికట్టుతో ఠాణా నుంచి తిరిగొచ్చిన రోజు, పసుపు నూరి తీసుకెళ్ళి పట్టు వేసింది తనే. పోనీలే, నీ బిడ్డయినా నీకు దక్కాడని ఓదార్చి వచ్చింది తనే.

“ఇంటికి పో,” అంది. తెరేసమ్మ లేచి వెళ్ళిపోయింది.

చెంబు అక్కడే వదిలేసి అమలమ్మ గుడికి పరుగు తీసింది. ఈ సంగతి తెలియకుండా తన మొగుడు ఆ మనిషి కాలు పట్టుకోకూడదు. కన్నకొడుకు కళ్ళు మూసే రాత కూడా లేకపోయిన చేతులవి. కానీ శౌరయ్య చుట్టూ జనం. ఒకడు పీటలు సర్దుతున్నాడు, ఒకడు కొవ్వొత్తులు అడుగుతున్నాడు. “ఏవండీ, ఒక్క మాట,” అంటే “అయ్యాక చెబుదువు గాని, నీళ్ళేవీ?” అన్నాడు. గంట కొట్టేశారు. ఆవిడ వెనక్కి వెళ్ళి నీళ్ళు తెచ్చింది.

పన్నెండు మందీ వరసగా కూర్చున్నారు. చివరి పీట మీద ఇన్నాసి. మొహం కట్టెలా ఉంది. శౌరయ్య ఒక్కో పీట ముందూ మోకాళ్ళు ఊని, కాలు పళ్ళెంలోకి తీసుకునేవాడు. అమలమ్మ పోసేది, ఆయన కడిగి, తుడిచి, ముద్దు పెట్టుకునేవాడు. మూడు అయ్యాయి. ఆరు అయ్యాయి. అడుగు ముందుకు పడే కొద్దీ ఆవిడ చేతిలో చెంబు బరువెక్కుతోంది. చెప్పకపోతే మొగుణ్ణి మోసం చేసినట్టు. చెబితే ఇంత జనంలో ఆయన గుండె పగలగొట్టినట్టు. తొమ్మిది. పది. జారిపడినట్టు నటించి నీళ్ళన్నీ ఒలకబొయ్యాలని కూడా అనిపించింది. పదకొండు.

శౌరయ్య ఇన్నాసి మడమ కింద చెయ్యి పెట్టాడు. “పొయ్యి,” అన్నాడు తలెత్తకుండా.

ఆవిడ పొయ్యలేదు.

“పొయ్యవే.”

“మన రాయప్ప ఎక్కడున్నాడో పోలీసులకి చెప్పింది ఈయనండీ.”

మెల్లగానే అంది. అయినా గుడి చివర కూర్చున్నవాళ్ళకి కూడా వినపడింది. శౌరయ్య తలెత్తి ఇన్నాసి వంక చూశాడు. కాదంటాడేమోనని ఎదురు చూస్తున్నట్టు చూశాడు. ఇన్నాసి కాదనలేదు. నిజం చెప్పాలంటే ఆ క్షణాన అమలమ్మకి హాయిగా అనిపించింది. ఇన్నాళ్ళు ఆ మొహం కోసం వెతికింది. ఇప్పుడు ఊరంతా దాన్ని చూస్తోంది.

“ఎప్పుడు చెప్పావు?” అన్నాడు శౌరయ్య.

“పొద్దున పట్టుకపోయారు బావా. పొద్దుగూకినాక చెప్పా.”

“అందాకా?”

“గోడవతల కొడతానే ఉన్నారు. ఆడి అరుపులు వినపడతానే ఉన్నయ్యి. నాకు తెలీదు బాబూ, తెలీదు బాబూ అంటానే ఉన్నా. ఒక చెయ్యి విరిచారు. రెండో చెయ్యి పట్టుకున్నారు. అప్పుడు చెప్పా.”

శౌరయ్య ఆ కాలు వదిలేసి నేల మీద వెనక్కి కూలబడ్డాడు. పట్టిస్తాడని తెలిసి కూడా ప్రభువు యూదా కాళ్ళు కడిగాడని ఇరవై ఏళ్ళుగా పిల్లల చేత వల్లె వేయించిన మనిషి. వల్లె వేయించడం వేరు, ఆ మడమని చేత్తో పట్టుకోవడం వేరు.

“నా వల్ల కాదు,” అన్నాడు.

ఇన్నాసి లేవబోయాడు. అమలమ్మ ఇన్నాసిని చూడటం లేదు. మగవాళ్ళ వరసలో గోడకి ఆనుకుని కూర్చున్న అతని కొడుకుని చూస్తోంది. వంకరగా అతుక్కున్న ఆ మణికట్టుని చూస్తోంది. అదే గోడవతల రాయప్ప అరుస్తూ ఉంటే? గోడకి ఇవతల తను నిలబడి ఉంటే? ఎవరి బిడ్డ కోసమని ఆగేది తను? పొద్దుగూకే దాకానా? ఎంత వెతుక్కున్నా ఆవిడకి తనలో అంత ఓర్పు కనపడలేదు. ఎండ గుమ్మం దాటకముందే చెప్పేసేది. అడిగిన పేరూ చెప్పేది, అడగని పేర్లూ చెప్పేది. ఇన్నాళ్ళు ఊళ్ళో అందరి మొహాలూ వెతికింది గాని, తన మొహం వంక ఒక్కసారి కూడా చూసుకోలేదు.

“కూర్చో,” అంది.

చెంబుతో సహా మోకాళ్ళ మీద కూలబడింది. ఆ కాలు పళ్ళెంలోకి లాక్కుని నీళ్ళు పోసింది. వెనక పెద్దవాళ్ళెవరో “ఇదేం చోద్యం, ఆడది” అంటుంటే ఇంకెవరో కసిరారు. లాకు మెట్ల మీద తిరిగి తిరిగి పగుళ్ళు దేరిన మడమ. ఆ పగుళ్ళలో మట్టి పోయేదాకా బొటనవేలితో రుద్దింది. కోపం పోయిందా అంటే పోలేదు. కడిగినవాళ్ళు ఆ కాలిని ముద్దు పెట్టుకోవడం ఆచారం. వంగింది గాని అది మాత్రం ఆవిడ వల్ల కాలేదు.

“నువ్వు పొద్దుగూకేదాకా ఆగావన్నయ్యా,” అంది. “నేనైతే మొదటి దెబ్బకే నీ కొడుకుని పట్టిచ్చేదాన్ని.”

ఇన్నాసి రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు. అమలమ్మకి జనవరిలో రాని ఏడుపు ఇప్పుడు వచ్చింది. ఎవరూ ఎవర్నీ ఓదార్చలేదు.

శౌరయ్య మోకాళ్ళ మీద జరుగుతూ వచ్చి, భుజం మీది తువ్వాలు తీసి, ఆ కాలిని తుడవడం మొదలుపెట్టాడు. ఇన్నాసి మొహంలోకి చూసే ధైర్యం మాత్రం ఆయనకి ఆ రోజు రాలేదు.