పక్క బర్రె దూడ

"జెర కొమ్ములకు నూనె రాయి దేవమ్మా. కొనేటోళ్లు వస్తున్రు," అన్నాడు హరికిషన్ సేటు.

అల్వాల్‌లోని అతని డెయిరీలో పేడ ఎత్తుతున్న దేవమ్మ గంప దించేసింది. సేటు అమ్మకానికి కడిగించింది ఆ నల్లబర్రెనే! రెండు నెలల కిందట అది నెలలు నిండకుండానే ఈసుకుపోయి, చచ్చిన దూడను వేసింది. మాయ పడక అల్లాడుతుంటే, దేవమ్మ భర్త బిక్షం వట్టి చేతులతో లాగాడు. గ్లౌజులు వేసుకోవాలని ఆ షెడ్డులో చెప్పిన పాపాన ఎవరూ పోలేదు. కొన్నాళ్లకు బిక్షానికి సాయంత్రమైతే జ్వరం మొదలైంది. ఇప్పుడు నడుము ఎత్తలేడు.

నిన్న పశువుల డాక్టరు హదస్సా వచ్చి బర్రె రక్తపరీక్షలో ఏం తేలిందో చెప్పింది. బ్రూసెల్లా అట. పశువు నుంచి మనిషికి అంటుకునే రోగం. బిక్షానికీ అదే అంటి ఉంటుందని, వెంటనే పెద్దాసుపత్రిలో చూపించమని అంది. బర్రెను విడిగా కట్టాలి, పాలు ఎవరికీ పోయొద్దు, బర్రెను అసలే అమ్మొద్దు అంది. సేటు "అట్లనే మేడం" అన్నాడు. ఆమె బండి మలుపు తిరగకముందే బేరగాడికి ఫోన్ కొట్టాడు. మనిషి మంచాన పడితే రాని తొందర అప్పుడెక్కడి నుంచి వచ్చిందో!

"డాక్టరమ్మ అమ్మొద్దన్నది గద సేటూ."

"నష్టమైతే ఆమె కట్టిస్తదా? పక్క బర్రె దూడను తెచ్చి దీని కాడ కట్టు. ఎవలన్న అడిగితే దీనిదే అను. లేకుంటే రూం ఖాళీ చెయ్."

షెడ్డు వెనక రేకుల గదిలో బిక్షం మూలుగుతున్నాడు. దేవమ్మ దూడను తెచ్చి కట్టింది.

కాసేపటికి నేరేడ్‌మెట్ నుంచి ఝాన్సీలక్ష్మి వచ్చింది. సొంతంగా పాలు పోసే పని షురూ చేయాలని ఆమె ఆశ. కడుపుతో ఉంది. దూడను నిమిరి, వంగి, పొదుగు మీదికి చెయ్యి చాపింది.

"దూడ సుత హుషారుగున్నది. ఇది ఎన్నో ఈత అక్కా?"

సేటు దేవమ్మ వైపు గుడ్లురిమాడు. దేవమ్మకు ఒళ్లు మండిపోయింది.

"చెయ్యి తియ్ బిడ్డా! దూడ దీనిది గాదు. దీనిది కడుపులనే సచ్చింది. దీనికి రోగమున్నదని డాక్టరమ్మ చెప్పింది, నా మొగనికి సుత అంటిందంటున్నది. నువ్వు కడుపుతోని ఉన్నవు, దూరం జరుగు."

"నోర్ముయ్! నీ సామాన్లు ఇప్పుడే బయట పారేస్త!"

"పారెయ్ సేటూ. నేను చెప్ప. నీ అబద్దం నేను చెప్ప."

ఆమె వంగి దూడ తాడు విప్పింది. అది అందరి ముందే పక్క బర్రె దగ్గరికి ఉరికి పొదుగులో మూతి పెట్టింది.

సేటు రేకుల గదికేసి నడిచాడు. గిన్నెలు దొర్లిన చప్పుడు, వెనకే బిక్షం దగ్గు వినిపించాయి. దేవమ్మ అటు పరుగెత్తబోతుంటే ఝాన్సీలక్ష్మి ఆమె భుజం పట్టుకుంది. రెండో చేతిలో ఫోన్ ఉంది.

"ఆ డాక్టరమ్మ నంబర్ చెప్పక్కా."