వేలి కింద లైను

సర్జరీ వార్డు హెడ్ నర్సును ఆసుపత్రిలో అందరూ సిస్టర్ అనే పిలుస్తారు. నలభై నాలుగేళ్ల వయసులో ఆ సిస్టర్‌కు ఒకేసారి రెండు సీట్లు వచ్చాయి, అదీ వైద్య నీతిశాస్త్రం ఎం.ఏ.లో. ఏదో ఒకదానికి సాయంత్రం ఐదులోపు 'సరే' నొక్కాలి. గోడ గడియారం నాలుగుంబావు దగ్గర నింపాదిగా నడుస్తుంటే, ఆవిడ గుండె ఎప్పుడో ఐదు దాటి పరుగెడుతోంది.

మొదటిది పేరున్న పెద్ద యూనివర్సిటీ. మహామహుల ఉపన్యాసాలు, మోయలేనన్ని పుస్తకాలు. రెండోది పేరు చెబితే "ఎక్కడా?" అనిపించుకునే కాలేజీ. అక్కడ వారానికి మూడు రోజులు పాఠాలు వార్డులోనే. ఆపరేషన్ కాగితాల మీద సంతకం తీసుకునేటప్పుడు రోగి ఇంటివాళ్ల పక్కన కూర్చుని చూడాలి.

"పద్దెనిమిదేళ్లుగా ఉన్న వార్డుకే మళ్లీ వెళ్తావా? పెద్దదాంట్లో చేరు," అని భర్త తేల్చేశాడు. ఆయన ప్రెస్సులో ప్రూఫ్ రీడరు. ఒత్తు తప్పితే ఊరుకోడు, ఒత్తిడి చేస్తే ఊరుకుంటాడు. సిస్టర్‌కూ ఆయన మాటే సబబనిపించి, "సరే, పెద్దదే" అంది.

ఎక్కడ చేరినా రెండేళ్లు ఇల్లు తలకిందులే కాబట్టి, ఇంట్లోవాళ్ల ఒప్పుకోలు కావాలనుకుంది. ఆపరేషన్‌కు ముందు సంతకం పెట్టించే వార్డు ఫారంలాగే అచ్చంగా ఒకటి టైపు చేసి తెచ్చింది. ఏం చదువు, ఎన్నాళ్లు, ఎవరికెంత ఇబ్బంది, చివర సంతకానికి గీత.

"ఏమండీ, ఇక్కడ," అని వేలు పెట్టింది.

ఆయన గీకేశాడు.

"మూడో లైను చదివారా?"

ఆయన కళ్లజోడు సర్దుకున్నాడు. "రెండేళ్లూ గిన్నెలన్నీ భర్తే తోమాలి... ఇదేంటే! అచ్చుతప్పు. భార్య అనుండాలి."

"భర్తే. అచ్చంగా భర్తే."

తర్వాత అత్తగారి వంతు. ముప్పై ఏళ్లు బస్సు కండక్టరుగా చేసి, టికెట్టు అటూ ఇటూ తిప్పి చూడందే సొంత చెల్లెల్నయినా సీట్లో కూర్చోనివ్వని మనిషి.

"అత్తయ్యా, ఇక్కడ."

"ముందు ఆ వేలు తియ్యమ్మాయ్. దానికింద ఏదో రాసుంది, కనపడి చావట్లేదు."

తీసింది. అత్తగారు కాగితాన్ని కిటికీ వెలుగుకు పట్టి బస్సంతా వినిపించేంత గట్టిగా చదివింది. "ఇష్టం లేకపోతే వద్దనవచ్చు. వద్దన్నందుకు నన్నెవరూ ఏమీ అనరు... ఓసినీ! అసలు మాట ఇదే కదే. దాచావేం?"

"నేను దాచలేదత్తయ్యా..."

అంతలో ఆగిపోయింది. వార్డు ఫారంలోనూ ఆ లైను అక్కడే ఉంటుంది, సరిగ్గా గీతకు పైన. తన వేలూ అక్కడే ఉంటుంది. కళ్లు తుడుచుకుంటున్న భార్యలకు, కళ్లజోడు వెతుక్కునే తండ్రులకు, పద్దెనిమిదేళ్లుగా ఎంత ప్రేమగా "ఇక్కడ" అని చూపించిందో! అది సాయమే అనుకుంది.

కుర్చీలోంచి దిగ్గున లేచింది. "ఏమండీ, నాకు రెండోదే కావాలి!"

"ఇప్పుడేగా పెద్దదన్నావు?"

"నా వేలి కింద ఏముందో నాకే కనపడలేదు, పక్కన కూర్చున్న అత్తయ్యకు కనపడింది. నేనూ ఆ పక్కనే కూర్చోవాలి. అందరి వేళ్లూ చూడాలి!" ఒళ్లంతా జల్లుమంటోంది, నవ్వాగడం లేదు.

"మరి పెద్ద యూనివర్సిటీవాళ్లు ఏమనుకుంటారే?"

"వద్దనవచ్చు. ఎవరూ ఏమీ అనరు. చదవలేదా?"

లాప్‌టాప్ మీదకు చెయ్యి పోనిచ్చింది.

"ఆగు, నేనింకా సంతకం పెట్టలేదుగా!" అంది అత్తగారు. తాపీగా మొదటి లైను నుంచి మొదలుపెట్టింది. లైనుకో ప్రశ్న, ప్రశ్నకో ఆవులింత. నాలుగూ యాభై. నాలుగూ యాభై ఐదు. సిస్టర్ రెండు చేతులూ వెనక్కి కట్టుకుని నిలబడింది.

నాలుగూ యాభై ఎనిమిదికి అత్తగారు పొడుగ్గా సంతకం చేసి, "రైట్ రైట్!" అని కేకేసింది.

అప్పుడు గానీ ఆ వేలు ముందుకు రాలేదు.