తొంభై రెండు మెట్లు

బేగయిమ్ మెట్లమీద వెనక్కి తిరిగి కూర్చుంది. రెండు చేతులూ పై మెట్టుకు ఆనించి ఒళ్ళంతా పైకి లాక్కుంది. ఒక మెట్టయింది. మళ్ళీ చేతులు ఆనించింది. ఆమె చక్రాల కుర్చీ కింద అతిథుల హాలు తలుపు ముందు ఖాళీగా ఉంది. పక్కనుంచి వందమంది ఎక్కుతున్నారు, దిగుతున్నారు. వాళ్ళలో నేనూ ఉన్నాను. ఆ మొదటి రోజు నేనూ ఆమెను దాటుకునే పోయాను.

మా యూనివర్సిటీలో కౌన్సెలింగ్ గది నాలుగో అంతస్తులో, చిట్టచివర. లిఫ్టు లేదు. పరీక్షలో అదనపు సమయం కావాలంటే వికలాంగ విద్యార్థి నెలనెలా తానే ఆ గదికి వెళ్ళాలి. అక్కడి బల్ల దగ్గరే, మేం ఎజె, అంటే అక్క, అని పిలిచే కౌన్సెలర్ దమీరా చేత సంతకం పెట్టించుకోవాలి. వేరేచోట పెట్టిన సంతకం చెల్లదు. ఈ నియమం రాసిన మహానుభావుడు సత్తారొవ్, మా వైస్ రెక్టర్. ఎదురుగా అగాయ్ అంటాం, సార్ అన్నట్టు. కాళ్ళు లేనివాళ్ళు ఎక్కలేరు. నిద్రపట్టక, బతకాలనిపించక తిరిగేవాళ్ళు సగం ఎక్కి, ఎవరైనా చూస్తారేమోనని దిగిపోతారు. ఏడాది చివర ఆయన నివేదిక రాస్తాడు, మా విద్యార్థులకు ఏ బాధా లేదని.

మేం చాలా ఆలోచించి ఒక ఘనకార్యం చేశాం. నెలనెలా నలుగురం ఆమెను కుర్చీతో సహా మోసుకెళ్ళాం. చలికాలమంతా మోశాం. మార్చిలో ఒక గురువారం, బూట్ల మంచు కరిగి తడిసిన మెట్టుమీద మా నలుగురిలో ఒకడు, తురార్, కాలు జారాడు. కుర్చీ ఒరిగింది, బేగయిమ్ మణికట్టు వాచింది. సంతకం కాలేదు. సోమవారమే పరీక్ష. సంతకం కాగితం లేకపోతే అదనపు సమయం జాబితాలో ఆమె పేరు కొట్టేస్తారు.

శుక్రవారం సాయంత్రం హాస్టల్ వంటగదిలో ముప్ఫైమందిమి చేరాం.

"రేపు ఆరుగురం మోద్దాం," అన్నాడు తురార్.

"నేనేమన్నా బంగాళాదుంపల బస్తానా?" అంది బేగయిమ్.

"సాయం చేస్తామంటే తిడతావేంటి?"

"మీ సాయం నాకు కాదు, సత్తారొవ్‌కి. మీరు మోస్తున్నన్నాళ్ళు ఆయనకి చీమ కుట్టినట్టు కూడా ఉండదు. ఆయన పెట్టని లిఫ్టు మీరే. కరెంటు ఖర్చు కూడా లేదు."

నాకు చెంప పగిలినట్టయింది.

"మరేం చెయ్యమంటావు?" అన్నాను.

"నన్ను మొయ్యడం మానండి. గదిని మొయ్యండి."

మర్నాడే సత్తారొవ్ పిలిచిన అషర్. ఎవరింటి గోడ లేస్తున్నా ఊరంతా వచ్చి చెయ్యివేస్తారే, అది అషర్. పిలిస్తే కాదనకూడదు, పిలిచినవాళ్ళు తిండి పెట్టాలి. సత్తారొవ్‌కి ఈ మాటంటే మహా ప్రేమ. తనిఖీవాళ్ళు వస్తున్నారంటే చాలు, "అషర్, అందరూ రావాలి" అని గోడకు అంటించి మాచేత చెట్ల మొదళ్ళకు సున్నం కొట్టించేవాడు. తిండి మాత్రం ఎన్నడూ పెట్టలేదు.

"పిలిచింది ఆయనే కదా," అంది బేగయిమ్. "తిండి నాది. నూనెలో బోర్సోక్ పిండిముక్కలు నేను వేయిస్తాలే."

శనివారం పొద్దున రెండొందలమందిమి సున్నం బకెట్లు కిందపెట్టి మెట్లెక్కాం. దమీరా ఎజె గుమ్మంలో అడ్డం నిలబడింది.

"నా ఉద్యోగం పోతుంది, పిల్లలూ."

"మీ ఉద్యోగం ఏంటి ఎజె?" అన్నాడు తురార్. "మేం రాకుండా చూడ్డమా?"

ఆమె వెనక్కి తిరిగి బల్ల సొరుగు తనే లాగి చంకన పెట్టుకుంది.

బల్ల దిగింది. కుర్చీలు, బీరువా చేతులు మారుతూ దిగాయి. నంబరు పలకతో సహా తలుపే ఊడదీసి దించాం. కాపలా తాత అతిథుల హాలు తాళం తీసి, ఏమీ ఎరగనట్టు చాయ్ తాగడానికి పోయాడు. ఏడాదికి రెండుసార్లు తెరిచే హాలు అది. తివాచీ మీద బల్ల వేశాం. బేగయిమ్ వాచిన చేత్తోనే చక్రాలు తిప్పుకుంటూ లోపలికొచ్చింది. అదే తలుపు, అదే బల్ల. దమీరా ఎజె సంతకం పెట్టింది.

బేగయిమ్ పక్కకు జరగగానే తురార్ ముందుకొచ్చాడు.

"నాకు జనవరి నుంచి నిద్ర లేదు, ఎజె," అన్నాడు, అందరూ వింటుండగానే. ఎవరూ నవ్వలేదు. అతని వెనక నిలబడ్డవాళ్ళ వరస గుమ్మం దాటిపోయింది.

సత్తారొవ్ ఇద్దరు పోలీసులతో వచ్చాడు.

"ఈ దొంగతనం ఎవరిది?"

"దొంగతనమేంటి అగాయ్, అషర్. మీరే పిలిచారుగా," బేగయిమ్ బోర్సోక్ పళ్ళెం చాపింది. "వేడిగా ఉన్నాయి, తినండి."

ఆయన పళ్ళేన్ని తోసేశాడు. "నాయకుడెవడో చెప్పండి."

"గది నాది, నేనే దించాను," అంది దమీరా ఎజె. పోలీసులు ఆమె చెయ్యి పట్టుకున్నారు. మేం అడ్డం పడబోతే, "నాకోసం కాదు, బల్ల దగ్గర నిలబడండి," అంది. ఆమెను ఎక్కించుకుని పోలీసు వ్యాను కదిలిపోయింది.

సత్తారొవ్ మావైపు తిరిగాడు. "సోమవారంలోగా ఇదంతా పైకి పోవాలి. ఎత్తండి."

ఒక్క చెయ్యి కదల్లేదు. బేగయిమ్ కుర్చీ తిప్పి ఆయన ఎదురుగా ఆపింది.

"మీరే ఎత్తండి, అగాయ్. తొంభై రెండు మెట్లే. ఎక్కడ అరిగిందో, ఎక్కడ జారుతుందో నాకు తెలుసు. కిందనుంచి చెబుతుంటాలే."

మాలో సగంమంది బల్ల చుట్టూ కూర్చున్నారు. మిగతావాళ్ళం బేగయిమ్ వెనక పోలీస్ స్టేషన్‌కు బయలుదేరాం. దారంతా ఆమె ముందే వెళ్ళింది. కుర్చీని ఎవరూ తొయ్యలేదు.