గొట్టానికి కట్టిన మేజోడు

ఆ ఇంట్లో బట్టలు ఆరబెట్టే డ్రైయర్‌కు ఒక కట్టుబాటు ఉండేది. పనావిడ అందులో బట్టలు వేసి మీట నొక్కవచ్చు, అంతకు మించి వేలు పెట్టకూడదు. ఇదివరకు పనిచేసినావిడ బట్టలనుంచి రాలే నూగు పట్టే జల్లెడను విరగ్గొట్టిందట. అప్పటినుంచి ఆ జల్లెడను అయ్యగారు దులుపుతున్నారని అమ్మగారు, అమ్మగారు దులుపుతున్నారని అయ్యగారు నిశ్చింతగా ఉన్నారు. పాఠకులారా, ఇద్దరి పని ఎవరి పనీ కాకుండా పోవడం మన ఇళ్లలో కొత్తేమీ కాదు.

పైగా, డ్రైయర్ గొట్టంలోంచి నూగు ఎగిరి తమ పూలకుండీల్లో పడుతోందని పక్కింటివారు గొడవకు వచ్చారు. అయ్యగారు గొడవలంటే గిట్టని మనిషి. తన పాత మేజోడు ఒకటి తెచ్చి బయట గొట్టం మూతికి బిగించి కట్టారు. పక్కింటివారు సంతోషించారు. నూగు మాత్రం లోపలే ఉండిపోయింది.

నెల రోజులుగా ఒక్క విడతలో ఆరే బట్టలు రెండు విడతలైనా ఆరడం లేదు. డ్రైయర్ మీద చెయ్యి పెడితే చురుక్కుమంటోంది. ఇస్త్రీ పెట్టె కింద గుడ్డ మాడినట్టు వాసన వస్తోంది. పనావిడ ఒకసారి ధైర్యం చేసి అమ్మగారితో చెప్పింది.

"నీకన్నీ అనుమానాలే. మీట నొక్కు, చాలు," అన్నారావిడ.

ఇంకోసారి చెబితే పని పోతుందేమోనని భయం. చెప్పకపోతే ఏమవుతుందోనని అంతకంటే భయం. డ్రైయర్ గదిని ఆనుకునే ఉంది మరి, ఎనిమిది నెలల పసిపాప నిద్రపోయే గది.

ఒకరోజు మధ్యాహ్నం పనావిడ తువ్వాళ్లు వేసి, మీట నొక్కి, రోజూలాగే కొట్టుకు బయలుదేరింది. డ్రైయర్ తిరుగుతుండగా బజారు పని ముగించుకోవడం ఆ ఇంటి అలవాటు. పాపకు కాపలాగా చెవులు వినపడని తాతగారున్నారు. వీధి మలుపు దాకా వెళ్లేసరికి ఆమె కాళ్లు ముందుకు సాగలేదు. ఏమీ కాదులే అని తనకు తానే సర్దిచెప్పుకుంది. గుండె ఒప్పుకోలేదు. వెనక్కి తిరిగి పరుగెత్తింది.

తలుపు తీయగానే మాడు వాసన గుప్పుమంది. డ్రైయర్ వెనకనుంచి పొగ సన్నగా లేస్తోంది. ముట్టుకోవద్దన్న మాట ఆ క్షణంలో కూడా చెవిలో మోగింది. కళ్లు మూసుకుని గోడమీది స్విచ్చి ఆపేసింది. డ్రైయర్ తలుపు తెరవడానికి మాత్రం చెయ్యి రాలేదు, అదే మేలైంది; తెరిచి ఉంటే గాలి తగిలి మంట ఎగిసేది. పాపను చంకనేసుకుని, తాతగారి చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది. చెప్పులు వేసుకోనివ్వలేదని ఆయన గేటు దాకా సణుగుతూనే ఉన్నారు. పక్కింటివారు అగ్నిమాపక దళానికి ఫోన్ చేశారు.

మంట గది దాటకముందే దళం వచ్చి ఆర్పేసింది. దళం పెద్దాయన గొట్టం ఊడదీసి, నల్లగా కాలిన నూగును గుప్పెళ్లతో బయటికి లాగాడు. చివర సగం మాడిన మేజోడు వచ్చింది. ఆఫీసు నుంచి పరుగున వచ్చిన అమ్మగారిని చూడగానే పనావిడ తలవంచుకుంది.

"నేనే ముట్టుకున్నానమ్మగారూ. స్విచ్చి ఆపేశాను," అంది, తప్పు చేసినదానిలా.

అమ్మగారు పాపను అందుకుని గుండెకు హత్తుకుని ఏడ్చేశారు.

"ఆవిడ ముట్టుకోబట్టే బిడ్డ మీకు దక్కిందమ్మా," అన్నాడు పెద్దాయన. "బట్టలు వేసిన ప్రతిసారీ జల్లెడలో నూగు తీసెయ్యాలి. ఏడాదికోసారైనా గొట్టం దులిపించాలి. దాని మూతికి అడ్డేమీ కట్టకూడదు. ఇంట్లో చూసే మనిషి లేకుండా నడపకూడదు. గోటితో పోయేదాన్ని గొడ్డలిదాకా తెచ్చుకున్నారు."

కొత్త డ్రైయర్ వచ్చిన రోజున అమ్మగారు జల్లెడను పనావిడ చేతిలో పెట్టి, ఎలా తీయాలో, ఎలా దులపాలో బిగించడానికి వచ్చినతను చూపిస్తుంటే తానూ పక్కన నిలబడి నేర్చుకున్నారు. "నీకు ఏ అనుమానం వచ్చినా ముందు ఆపెయ్. తర్వాత నాకు చెప్పు," అన్నారు.

ఇంట్లో ప్రమాదాన్ని ముందుగా పసిగట్టేది రోజూ ఆ పని చేసే చెయ్యే. ఆ చేతికి ఆపే అధికారం, ఆ నోటికి చెప్పే ధైర్యం ఇవ్వని ఇల్లు నిప్పును కొంగున కట్టుకున్నట్టే.