చెరిపేసిన హిస్టరీ

రెండువేల ఐదు ఆగస్టులో ఒక ఆదివారం పొద్దున్న గౌరీశ్వరి తమ్ముడికి ఫోన్ చేసింది.

"అర్జునా, కంప్యూటర్ పాడైపోనాది. బేగి రా."

"ఏటయింది అప్పా?"

"వచ్చి సూడు" అని పెట్టేసింది. గొంతు ఏడ్చిన గొంతులా ఉంది.

అర్జునరావుకి కంచరపాలెంలో, రైలు పట్టాలకి దగ్గర్లో, చిన్న కంప్యూటర్ షాపు ఉంది. విడి భాగాలు కొని, బిగించి, ఇళ్ళకి అమ్ముతాడు. గౌరీశ్వరి అతనికి సొంత అక్క. బావ జగ్గారావు స్టీల్ ప్లాంటులో పని చేస్తాడు. వాళ్ళు ఉండేది ఉక్కునగరం క్వార్టర్సులో. తొమ్మిదో తరగతి చదివే మేనకోడలు సుధారాణి కోసం ఏడాది క్రితం అర్జునరావే ఆ కంప్యూటర్ బిగించి ఇచ్చాడు. దాన్ని చూసి ఆ సెక్టారులో మరో పదకొండు ఇళ్ళవాళ్ళు అతని దగ్గరే కొన్నారు. షాపు నిలదొక్కుకుంది ఆ పదకొండు ఇళ్ళతోనే.

సీడీల సంచీ తగిలించుకుని స్కూటర్ మీద గాజువాక దాటి అక్కడికి చేరేసరికి పది దాటింది. జగ్గారావు వరండాలో పేపరు పట్టుకుని కూర్చున్నాడు. పలకరించలేదు. లోపల సుధ వంటింటి గోడకి ఆనుకుని నేలమీద కూర్చుని ఉంది. ఎప్పుడొచ్చినా "మావయ్యా" అంటూ గేటు దాకా పరిగెత్తుకొచ్చే పిల్ల తల ఎత్తలేదు. ఎడమ చెంప కమిలి ఉంది.

"ఎవరు కొట్టినారు?"

"ఆల నాన్న" అంది గౌరీశ్వరి మెల్లగా.

జరిగింది ఆమే చెప్పింది. మొన్న శ్రావణ శుక్రవారం పేరంటానికి చుట్టుపక్కల ఆడవాళ్ళు వచ్చారట. పక్క క్వార్టర్ కాంతంగారు, తమ కంప్యూటర్‌కి నెట్ లేక, తన కొడుక్కి వచ్చిన ర్యాంకుకి ఏ కాలేజీలో సీటు వస్తుందో ఇంటర్నెట్‌లో చూడమని సుధని అడిగింది. సుధ సంబరంగా కంప్యూటర్ పెట్టి, వెబ్‌సైటు పేరు కొట్టింది. అది రాలేదు. ఇంకేదో పేజీ వచ్చింది. దాని మీద ఇంకో కిటికీ, దాని మీద మరొకటి. అన్నీ బట్టల్లేని బొమ్మలు. మూసేకొద్దీ పుట్టుకొచ్చాయి. చేతిలో పసుపు కుంకాలు పట్టుకున్న ఏడుగురు ఆడవాళ్ళ ముందు ఆ పిల్ల చివరికి ప్లగ్గు పీకేసింది. మర్నాడు కాంతంగారి భర్త భీమశంకరరావు ప్లాంటులో జగ్గారావుతో, "మీ అమ్మాయిని కాస్త కనిపెట్టుకోండి" అన్నాడట. ఇంటికొచ్చి జగ్గారావు చెయ్యి చేసుకున్నాడు.

"నాను సూడలేదు మావయ్యా" అంది సుధ, గోడవైపే చూస్తూ. "నాకేటీ తెలీదు."

"తెలుసమ్మా. నాను సూత్తాను కదా."

అతను ముందు నెట్ వచ్చే టెలిఫోన్ తీగ పీకి, తర్వాత కంప్యూటర్ ఆన్ చేశాడు. బ్రౌజర్ తెరవగానే మొదటి పేజీ మారిపోయి ఉంది. తను పెట్టింది కాదు. పైన రెండు కొత్త టూల్‌బార్ పట్టీలు అతుక్కుని ఉన్నాయి. నెట్ లేకపోయినా ఖాళీ కిటికీలు ఒకదాని మీద ఒకటి తెరుచుకుంటున్నాయి. ఇలాంటివి ఈమధ్య వారానికి నాలుగు చూస్తున్నాడు. ఏదో ఒక సైటు "ఇది చూడాలంటే ఎస్ నొక్కండి" అంటుంది. నొక్కితే చాలు, ప్రోగ్రాం లోపలికి వచ్చి కూర్చుంటుంది. ఆ తర్వాత ఏ పేరు కొట్టినా తన పేజీకే లాక్కుపోతుంది.

ముఖ్యమైనవి మాత్రమే లేచే సేఫ్ మోడ్‌లో కంప్యూటర్ మళ్ళీ తెరిచాడు. కంప్యూటర్ లేచినప్పుడల్లా తమంతట తామే లేచే ప్రోగ్రాముల జాబితాలో అర్థంలేని అక్షరాల పేర్లు మూడున్నాయి. వాటిని ఆపి, ఫోల్డర్లు వెతికి తీసేశాడు. పట్టీలు పీకేశాడు. వెబ్‌సైట్ల దారి మళ్ళించే ఫైలు తెరిస్తే అందులో ముప్పై దొంగ వరసలున్నాయి. అవీ కొట్టేశాడు. స్కానింగ్ సీడీ పెట్టి, అది తిరుగుతుండగా, ఈ దరిద్రం ఏ రోజు లోపలికి వచ్చిందో చూద్దామని బ్రౌజర్ హిస్టరీ తెరిచాడు.

చూసిన పేజీలన్నీ రోజుల వారీగా ఉన్నాయి. సుధ చూసినవి సాయంత్రాలవి. సైన్సు పాఠాలు, గ్రహాల బొమ్మలు, ఒక పాటల పేజీ. మిగతావి వేరు. అవన్నీ పొద్దున్న పదికీ పన్నెండుకీ మధ్య చూసినవి. సోమవారం నుంచి శుక్రవారం దాకా, వరసగా.

ఆ వేళకి సుధ స్కూల్లో ఉంటుంది. గౌరీశ్వరి సెక్టారులోని ప్లే స్కూల్లో టీచరు, తొమ్మిదికి వెళ్ళి ఒంటిగంటకి వస్తుంది. ఆ వారం జగ్గారావుది బీ షిఫ్టు. మధ్యాహ్నం రెండింటి దాకా ఇంట్లోనే ఉంటాడు.

వెనక పేపరు మడిచిన చప్పుడైంది. జగ్గారావు కుర్చీ వెనక నిలబడి తెర చూస్తున్నాడు. ఎప్పుడొచ్చాడో తెలీదు.

"అదేటి?"

"హిస్టరీ బావా. ఎవరు ఏ టైముకి ఏటి సూసినారో అన్నీ ఉంతాయి."

జగ్గారావు మొహంలో రంగు పోయింది. వంగి, అర్జునరావు చెవి దగ్గర అన్నాడు. "తుడిసీ."

"బావా, పిల్లని కొట్టినావు."

"తుడిసీమన్నాను కదేటి. మీ అప్పకి తెలిస్తే ఈ ఇల్లు నిలబడతాదేటి? నువ్వే సెప్పు."

అర్జునరావుకి తొమ్మిదేళ్ళప్పుడు తల్లి పోయింది. అక్కే పెంచింది. పెళ్ళయి వచ్చేటప్పుడు అతన్ని కూడా వెంట తెచ్చుకుంది. ఈ బావ ఇంట్లోనే ఉండి అతను ఐటీఐ చదివాడు. ఒక్కరోజు కూడా జగ్గారావు అన్నం దగ్గర ఏమీ అనలేదు. అదంతా ఆ నిమిషంలో గుర్తొచ్చి అతన్ని కూలదీసింది. మౌస్ కదిపి హిస్టరీ మొత్తం చెరిపేశాడు.

అప్పుడే గౌరీశ్వరి టీ గ్లాసులతో వచ్చింది. ఆమె కొంగు పట్టుకుని సుధ గుమ్మంలో నిలబడింది.

"ఏటి తెలిసింది? సుధేనా?"

జగ్గారావు గొంతు సవరించుకున్నాడు. "ఇంకెవరుంటారు? ఈ వయసు పిల్లలకి నెట్ ఇస్తే..."

"సుధ కాదు" అన్నాడు అర్జునరావు. బావ వైపు చూడకుండా అన్నాడు. "నానే అప్పా. నెల్లాళ్ళ కిందట పాటల సీడీ ఒకటి ఎక్కించినాను కదా, అందులో వైరస్ ఉన్నాది. దాంతోనే వచ్చీసింది ఇదంతా. పిల్ల తప్పు ఏటీ లేదు. నాను సూసుకోవలసింది."

ఇప్పుడు బావ ఊరుకుంటాడు, పిల్లని దగ్గరికి తీసుకుంటాడు, అక్కడితో అయిపోతుంది అనుకున్నాడు.

జగ్గారావు ఒక్క క్షణం అతని మొహంలోకి చూశాడు. మరుక్షణం గొంతు పెంచాడు.

"నువ్వేట్రా సేసింది? బుద్దుందేటి నీకు? ఇంట్లో ఆడపిల్ల ఉన్నాదని తెలీదా? పదిమందిలో మా పరువు తీసీసినావు కదరా! ఎక్కడెక్కడి సీడీలో తెచ్చి మా ఇంట్లో ఎక్కిస్తావేటి?"

కిటికీలు తెరిచే ఉన్నాయి. కాంతంగారి వరండా పదడుగుల దూరం. ఆ సంగతి జగ్గారావుకి తెలుసు. అరుస్తూనే చెప్పులేసుకుని బయటికి నడిచాడు. కాసేపటికి పక్క వరండాలోంచి అతని మాటలు వినబడ్డాయి. "మా బావమరిది సేసిన పనండీ. పిల్లని అన్యాయంగా కొట్టీసినాను."

అర్జునరావు టీ తాగలేదు. సీడీలు సంచీలో వేసుకుంటుంటే సుధ ఎదురుగా వచ్చి నిలబడింది.

"నీ వల్లేనా మావయ్యా?"

అతను తలూపాడు. ఆ పిల్ల కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "స్కూల్లో అందరికీ తెలిసిపోనాది. నిన్న నాతో ఎవులూ కూకోలేదు" అని గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది.

రెండు వారాల్లో మాట సెక్టారంతా పాకింది. అర్జునరావు షాపులో కంప్యూటర్లన్నీ బూతు సీడీలతో నిండినవే అన్నారు. భీమశంకరరావు తన కంప్యూటర్ని గాజువాకలో మరో షాపుకి తీసుకెళ్ళి మొత్తం తుడిపించుకున్నాడు. ప్రింటర్ కావాలన్న వాళ్ళు వద్దన్నారు. దసరా నాటికి ఆ పదకొండు ఇళ్ళలో ఒక్క ఇంటి నుంచి కూడా ఫోన్ రాలేదు. అర్జునరావు బావకి రెండుసార్లు ఫోన్ చేశాడు. మొదటిసారి డ్యూటీకి వెళ్ళాడన్నారు. రెండోసారి అతనే ఎత్తి, "కొన్నాళ్ళు సైలెంటుగా ఉండరా, అందరూ మర్సిపోతారు" అన్నాడు. గొంతులో సిగ్గు లేదు, విసుగుంది.

కార్తీకమాసంలో ఒక మధ్యాహ్నం గౌరీశ్వరి ఒక్కర్తే బస్సెక్కి కంచరపాలెం వచ్చింది. షాపులో స్టూలు మీద కూర్చుని మంచినీళ్ళు తాగింది. చిక్కిపోయి ఉంది.

"మీ బావ ఆ పాత కంప్యూటర్ అమ్మీసినాడు" అంది. "కొత్తది కొన్నాడు. మా పడగ్గదిలో పెట్టినాడు. దానికి పాస్‌వర్డ్ ఉన్నాది. తలుపేసుకుని కూకుంతాడు."

అర్జునరావు స్క్రూడ్రైవర్ కింద పెట్టాడు.

"అప్పా..."

"నాకు ఆ రోజే తెలుసురా. నాను టీ తెచ్చినప్పుడు ఆయన మొగం సూసినాను. పదిహేడేళ్ళు కాపరం సేసినదాన్ని, ఆ మాత్రం తెలీదేటి? నువ్వు నిజం సెప్తావని గుమ్మంలో నిలబడ్డాను."

"నీ కాపరం పాడవుతాదని..."

"పాడైతే నాను సూసుకుందును. కూతుర్ని ఎందుకు కొట్టినావని ఆయన్ని నిలదీద్దును. ఒక్క మాట దొరికితే సాలనుకున్నాను. నువ్వు నెత్తిన ఏసుకున్నావు. ఆయన శుబ్బరంగా ఎల్లిపోనాడు. ఇప్పుడు నానేటన్నా, మీ తమ్ముడే కదా సేసింది అంతాడు."

బయట గూడ్సు బండి పోతోంది. ఆ మోతలోనే అర్జునరావు అన్నాడు.

"సుధకి సెప్పు అప్పా. నాను కాదని."

"మరెవరని సెప్పమంటావు? ఆల నాన్నని సెప్పనా?"

అతను ఖాళీ మంచినీళ్ళ గ్లాసు తీసి పక్కన పెట్టాడు.

"నువ్వు కొన్నాళ్ళు రాకు. నీ పేరెత్తితే ఏడుస్తాది" అంది లేస్తూ.

బస్టాపు దాకా వెంట వెళ్ళాడు. ఎండలో నిలబడ్డారు. బస్సు దూరంగా కనిపించాక ఆమె అడిగింది. "ఆ రోజు నువ్వు సెరిపీసినది మళ్ళీ తెప్పించగలవేటి?"

"ఆ డబ్బానే లేదు కదప్పా. ఎవులికమ్మినాడో."

ఆమె తలూపింది. బస్సు ఆగకముందే చాలామంది ఎగబడ్డారు. వాళ్ళని తోసుకుంటూ ఎక్కింది. సీటు దొరికిందో లేదో అతనికి కనబడలేదు.